చేప లార్వాల పటం గీసేది నీరే

మృగశిర కార్తె మొదలయ్యే రోజున హైదరాబాద్‌లో చేపల మార్కెట్ వైపు వెళ్లడమంటే సాహసమే. జూన్ 7న లేదా 8న తెల్లవారకముందే రాంనగర్ మార్కెట్ నిండిపోతుంది. బొచ్చె, శీలావతి, కొర్రమీను అని పేర్లు వినబడుతూనే ఉంటాయి, రేటు అడిగేలోపు బుట్ట ఖాళీ అవుతుంది. ఆ రద్దీలో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. సరిగ్గా ఆ రోజున దేశానికి రెండు పక్కలా మరబోట్లకు సముద్రం మూసే ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఈ రెండూ కలిసే రెండు వారాల మధ్యలో మృగశిర వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఆ రోజు నగరం తినేది దాదాపుగా చెరువు చేపే. ఐసులో దాచిన సముద్రపు సరుకు ఎంతో కొంత ఉన్నా అది పాత పట్టుబడే.

నిషేధం ఎందుకని అడిగితే 'చేపలు గుడ్లు పెట్టే కాలం కదా' అంటారు. అది తప్పు కాదు గానీ సగం మాటే. గుడ్లు పెట్టడంతో తల్లి పని అయిపోతుంది. ఆ గుడ్డులోంచి బయటపడిన ప్రాణి ఏ తీరానికి చేరుతుంది, మధ్యలో ఎన్ని పోతాయి, చివరికి ఎక్కడ గుంపుగా దొరుకుతాయి అన్నవి తల్లి చేతిలో లేవు. వాటిని తేల్చేది గాలి, ప్రవాహం, నీటి వేడి, ఉప్పదనం, మేత. చేప లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన పసి చేపలు, సముద్రంలో ఫలానా చోటే ఎందుకు దొరుకుతాయన్న ప్రశ్నకు జవాబు చేపల్లో కన్నా నీటిలోనే ఎక్కువగా ఉంది.

తెలంగాణలో ఇది వెంటనే మనసుకు ఎక్కకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ చేప పిల్ల ఎక్కడ పెరగాలో మనిషే నిర్ణయిస్తాడు. హేచరీలో పొదిగించి, ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచుల్లో కట్టి, వ్యాన్‌లో తెచ్చి ఫలానా చెరువులో ఇన్ని వేలు అని లెక్కపెట్టి వదులుతారు. కొర్రమీనుకైతే ఆ సాయం కూడా అక్కర్లేదు. పిల్లల గుంపు నీటిపైకి వచ్చినప్పుడల్లా తల్లీతండ్రీ కిందనే కాపలా తిరుగుతుంటాయి. సముద్రంలో కనగర్తకు (మాకెరెల్), కవలకు (సార్డిన్) అలాంటి భోగం లేదు. గుడ్లను, వీర్యాన్ని నీటిలో విడిచి గుంపు తన దారిన తాను పోతుంది.

కనగర్త పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కమాట. ఈ చేప శాస్త్రీయ నామంలోని 'కనగుర్త' తెలుగు మాటే. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నం చేపలను బొమ్మలు వేయించి 1803లో పుస్తకంగా తెచ్చాడు. అందులో జాలరులు చెప్పిన పేర్లనే రాసుకున్నాడు. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ మాటనే శాస్త్రీయ నామంలో ఖాయం చేశాడు. పేరు మన దగ్గర పుట్టింది సరే, ఆ చేప ఎక్కడ పుట్టిందో చెప్పడం మాత్రం అంత తేలిక కాదు.

సముద్రపు చేపల్లో చాలా వాటి గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు. గాజు పూసలా తేలుతుంది. మన వేడి నీళ్లలో ఒక రోజు అటూఇటూగా పొదుగుతుంది. బయటికొచ్చే లార్వా రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. నోరు ఇంకా తెరుచుకోదు, కళ్లకు రంగు పట్టదు, రెక్కలు సరిగా ఉండవు. పొట్టకు వేలాడే పచ్చసొన సంచే రెండు మూడు రోజులు తిండి. ఆ సంచి అయిపోయేలోగా నోరు తెరుచుకోవాలి, తెరుచుకున్న నోటికి అందేటంత దగ్గరలో, అందులో పట్టేటంత చిన్న మేత ఉండాలి. అంత చిన్న ఒంటికి నీరు మనకు అనిపించినంత పలచగా ఉండదు. తేనెలో ఈదినట్టే ఉంటుంది. తోక ఆడించడం ఆపిందంటే అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేస్తే విషయం సగం తేలిపోతుంది. 3 మిల్లీమీటర్ల లార్వా సెకనుకు తన ఒంటి పొడవంత ఈదుతుందని అనుకుందాం. రోజంతా ఆగకుండా, ఒకే దిక్కుగా ఈదినా 260 మీటర్లు దాటదు. మన తీరం వెంబడి పారే ప్రవాహం సెకనుకు అర మీటరు వేగంతో పోయినా రోజుకు 43 కిలోమీటర్లు. ఒకటి మీటర్లలో, ఇంకొకటి కిలోమీటర్లలో. దీన్ని చూసి లార్వా అంటే నీటిలో కొట్టుకుపోయే ధూళి రేణువే అనుకోవడం సహజం. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. ఆ 260 మీటర్లకు ఒక ఉపయోగం ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

సైజును బట్టి ఊరు పట్టుకోవడం

లార్వాలు దొరికిన చోటు నుంచి వెనక్కి నడిచి పుట్టిన చోటు పట్టుకున్న కథల్లో అందరికన్నా ఓపిక గలవాడు డెన్మార్క్‌కు చెందిన యోహానెస్ ష్మిట్. యూరప్ నదుల్లో ఉండే మలుగు పాములాంటి ఈల్ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. నదిలో గుడ్లతో ఉన్న ఈల్ ఒక్కటీ దొరకలేదు. 1904లో ష్మిట్‌కు అట్లాంటిక్‌లో, ఫారో దీవుల దగ్గర, ఒక ఈల్ లార్వా దొరికింది. అప్పటి నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఆయన చేసింది ఒకటే పని. సముద్రంలో వల లాగడం, దొరికిన లార్వాను కొలవడం, ఆ కొలతను పటం మీద రాయడం. యూరప్ తీరం దగ్గర 75 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి, పడమటికి వెళ్లేకొద్దీ చిన్నవి. చివరికి అతి చిన్నవన్నీ అట్లాంటిక్ పడమటి భాగంలోని సర్గాసో సముద్రంలోనే దొరికాయి. పుట్టింది అక్కడ, పెరిగేది వేల కిలోమీటర్ల అవతల. మధ్య దారంతా గల్ఫ్ స్ట్రీమ్, దాని కొనసాగింపు ప్రవాహాలే మోశాయి.

ఈ కథ పాఠ్యపుస్తకాల్లో ఒక వింతగా మిగిలిపోయింది గానీ దానిలో ఒక పద్ధతి ఉంది. లార్వా దొరికిన చోటును ఒక్కదాన్నే చూస్తే అందులో ఏమీ లేదు. దాని వయసుతో కలిపి చూస్తేనే అర్థం వస్తుంది. ఒక రోజు లార్వా దొరికిన చోటు కాన్పు గదికి దగ్గర. ఇరవై రోజుల లార్వా దొరికిన చోటు ఇరవై రోజుల ప్రయాణానికి చివర. ఇప్పుడు వయసు కొలవడానికి పొడవును నమ్ముకోనక్కర్లేదు. చేప చెవి భాగంలో ఉండే సున్నపు రాయిలో రోజుకొక వలయం ఏర్పడుతుందని 1971లో పన్నెల్లా అనే శాస్త్రవేత్త చూపించాడు. చెట్టు మొద్దులో ఏడాదికో వలయం ఎలాగో, ఇక్కడ రోజుకొకటి అలాగ. మైక్రోస్కోప్ కింద లెక్కపెడితే పుట్టిన తేదీ దాదాపుగా తెలుస్తుంది.

అయితే ష్మిట్ పటంలో కనపడనివి కూడా ఉన్నాయి. అవే చచ్చిపోయినవి. లార్వాల్లో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పెద్దవి కాకుండానే పోతాయి. అంటే మన వలకు దొరికేవి నీరు మోసుకొచ్చినవన్నీ కాదు, దారిలో బతికినవే. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లో దీన్నే పట్టుకున్నాడు. నార్వేలో 1904లో పుట్టిన హెర్రింగ్ చేపలు ఆ తర్వాత ఏళ్ల తరబడి జాలరుల వలల్లో అధికభాగంగా వస్తూనే ఉన్నాయి. ముందూ వెనకా పుట్టినవి అంతగా లేవు. గుడ్లు పెట్టే తల్లుల సంఖ్యలో అంత తేడా లేకపోయినా పిల్లల్లో ఇంత తేడా ఎలా వచ్చింది? ఆయన రెండు కారణాలు ఊహించాడు. సొన సంచి అయిపోయిన ఆ కొద్ది రోజుల్లో మేత దొరకకపోవడం ఒకటి, ప్రవాహం తప్పుడు చోటికి మోసుకుపోవడం రెండోది. వందేళ్లు దాటినా ఈ రంగంలో జరిగే వాదనలన్నీ ఆ రెంటి చుట్టూనే తిరుగుతున్నాయి.

కోస్తాలో గాలి, గోదావరి

మన తీరానికి వద్దాం. ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైపొర నీరు గాలి దిక్కున పోదు, భూభ్రమణం వల్ల దానికి కుడిపక్కకు జరుగుతుంది. నైరుతి గాలి కోస్తా వెంబడి ఈశాన్యానికి వీస్తుంటే తీరం దానికి ఎడమపక్క ఉంటుంది. కుడిపక్క సముద్రం. కాబట్టి పైనీరు తీరం వదిలి లోపలికి జరుగుతుంది. ఖాళీని నింపడానికి కిందినుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి ఉబుకుతుంది. అప్‌వెల్లింగ్ అంటే ఇదే. గాలి తిరగబడితే అంతా తారుమారు. పైనీరు తీరానికి ఒత్తుకుని కిందికి దిగుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు ఎదుట నీటిని కొలిచి ఈ పైకి లేవడం, కిందికి దిగడం రెండింటినీ రాశాడు.

లార్వాకు దీనివల్ల మేలా, కీడా? సూటిగా జవాబు లేదు. ఉబికిన నీటిలో వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, పెరుగుతాయి. వాటిని తినే సూక్ష్మ జంతువుల పిల్లలే లార్వాకు మొదటి తిండి. కాబట్టి మేలు. కానీ మేతను పుట్టించే ఆ గాలే పైనీటితో పాటు లార్వాను కూడా తీరం నుంచి దూరంగా తోసేస్తుంది. కాబట్టి కీడు. అన్నం పెట్టే చెయ్యే మెడపట్టి గెంటడం లాంటిది ఇది. ఈ పేచీని ఆండ్రూ బాకున్ అనే శాస్త్రవేత్త చక్కగా కుదించాడు. లార్వాలకు మంచి చోటు కావాలంటే మూడు జరగాలి. మేత పుట్టాలి, పుట్టిన మేత ఒకచోట చేరాలి, లార్వా అక్కడే నిలబడగలగాలి. మూడూ ఒకేచోట కలిసే జాగాలు సముద్రంలో తక్కువ. అందుకే లార్వాలు సముద్రమంతా పరుచుకోకుండా చాపల్లా, చారల్లా దొరుకుతాయి.

బంగాళాఖాతంలో ఇంకో మెలిక ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ దీనిలోకే వస్తాయి. అరేబియా సముద్రం పైపొరలో ఉప్పదనం కిలో నీటికి 36 గ్రాముల దాకా ఉంటే, వానాకాలం చివర బంగాళాఖాతం ఉత్తర భాగంలో 30 కన్నా కిందికి పోతుంది. తక్కువ ఉప్పు నీరు తేలిక. అది మీద మూతలా పరుచుకుంటుంది. గాలి ఎంత తోసినా కిందినీరు ఆ మూతను చీల్చుకుని రావడం కష్టం. ఆగస్టులో గోదావరి వరద సముద్రంలోకి దూసుకుపోయే రోజుల్లో నైరుతి గాలి బలంగానే ఉన్నా, లెక్క ప్రకారం రావలసినంత అప్‌వెల్లింగ్ పైకి కనపడకపోవడానికి ఇదొక కారణం. కేరళ తీరంతో పోలిస్తే కోస్తాంధ్ర తీరం మేత విషయంలో పేదది కావడమూ ఇందుకే.

ఆ వరద నీటికి అంచు ఉంటుంది. బురద రంగు నీరు ఒకవైపు, నీలం నీరు ఒకవైపు, మధ్యలో నురుగు గీత. హైదరాబాద్‌లో గట్టి వాన పడినప్పుడు రెండు రోడ్ల నీళ్లు కూడలిలో కలిసేచోట చూస్తే ఇది అర్థమవుతుంది. ఆకులు, ప్లాస్టిక్ కవర్లు, థర్మాకోల్ ముక్కలు అన్నీ ఆ కలిసే గీత మీదికే చేరి బారుగా నిలుస్తాయి. నీరు కిందికి దిగిపోతుంది, తేలేవి పైన మిగిలిపోతాయి. సముద్రపు అంచుల్లో జరిగేదీ ఇదే. అక్కడ చేరేది ప్లవకాలు, చేప గుడ్లు, లార్వాలు. వాటితో పాటు లార్వాలను తినే జెల్లీ చేపలు, చిన్న చేపలు కూడా అక్కడికే చేరతాయి. విస్తరి వేసినచోటే కత్తి కూడా ఉంటుంది.

ఇక తీరం వెంబడి పారే ప్రవాహం. ప్రపంచంలో పెద్ద తీర ప్రవాహాలు చాలావరకు ఏడాది పొడవునా ఒకే దిక్కుకు పారతాయి. మన తూర్పు తీర ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి. మధ్యలో నైరుతి నెలల్లో తెగిపోయిన తాళ్లలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాకినాడ ఎదుట మార్చిలో పొదిగిన గుడ్డుకూ నవంబరులో పొదిగిన గుడ్డుకూ తల్లి జాతి ఒకటే అయినా ప్రయాణం వేరు. ఒకటి ఒడిశా వైపు, ఇంకొకటి తమిళనాడు వైపు. పైన వేసిన లెక్కనే కొనసాగిస్తే 20 రోజుల్లో 860 కిలోమీటర్లు, అంటే కాకినాడలో బయల్దేరింది చెన్నై దాటిపోవాలి. అన్నీ అలా పోవు. ఈ ప్రవాహం పక్కన వంద, రెండు వందల కిలోమీటర్ల వెడల్పున సుళ్లు తిరుగుతుంటాయి. అపసవ్య దిశలో తిరిగే సుడి మధ్యలో చల్లని నీరు పైకి ఎగదన్నుతుంది, మేత పుడుతుంది. సుడిలో పడింది కొన్ని వారాల పాటు అందులోనే గిరగిర తిరుగుతుంది. మూత బిగుసుకున్న బంగాళాఖాతంలో లార్వాకు ఇది మంచి ఆశ్రయమే. అయితే ఆ సుడి తీరం దగ్గర కరగాలి. నడి సముద్రంలో కరిగితే, తీరపు లోతుల్లో పెరగవలసిన జాతుల పిల్లలు మేతలో మునిగి ఉండి కూడా ఇల్లు చేరవు.

గాలి ఎంత ఉండాలనేదానికి కూడా ఒక హద్దుంది. 1970లలో రూబెన్ లాస్కర్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియా దగ్గర ఒక సరళమైన ప్రయోగం చేశాడు. ప్రయోగశాలలో పొదిగించిన ఆంకొవీ అనే చిన్న చేప లార్వాలను ఓడలో తీసుకెళ్లి, వేర్వేరు లోతుల నుంచి తోడిన నీటిలో వదిలి, ఏ నీటిలో వాటి పొట్ట నిండుతుందో చూశాడు. పైనీటిలో పస్తే. కొంత లోతులో ప్లవకాలు పలచటి పొరగా పేరుకున్న నీటిలో మాత్రం బాగా తిన్నాయి. అంతలో తుపాను గాలి వచ్చి ఆ పొరను కలిపేసింది. ఆ తర్వాత ఏ లోతు నీరు పోసినా లార్వాలకు చాలినంత మేత దొరకలేదు. సముద్రంలో ఉన్న మొత్తం మేత తగ్గలేదు, పలచబడిందంతే. పదిమందికి వండిన పులుసును వందమందికి సరిపెట్టడానికి నీళ్లు పోసినట్టు. తర్వాత 1989లో క్యూరీ, రాయ్ అనే ఇద్దరు పలు తీరాల లెక్కలు పోల్చి, అప్‌వెల్లింగ్ ప్రాంతాల్లో సెకనుకు 5, 6 మీటర్ల గాలి దగ్గర పిల్లలు ఎక్కువగా బతుకుతాయని తేల్చారు. అంతకన్నా తక్కువైతే మేత పుట్టదు, ఎక్కువైతే పుట్టింది చెదిరిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే బంగాళాఖాతపు తుపాను మీద ఒక్కమాటలో తీర్పు చెప్పడం కుదరదు. తుపాను దాటిన కొన్ని రోజులకు దాని దారి వెంట సముద్రం పచ్చబడటం ఉపగ్రహ చిత్రాల్లో కనపడుతుంది. కిందినుంచి కలిసి వచ్చిన పోషకాల పుణ్యం అది. ఆ పచ్చదనం వచ్చాక పుట్టిన లార్వాకు పండుగ. తుపాను రోజున నోరు తెరిచిన లార్వాకు ఆకలి చావు. తేడా వారం రోజులే. డేవిడ్ కుషింగ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వాదన మొత్తం ఈ వారం గురించే. మేత వచ్చే రోజూ నోరు తెరుచుకునే రోజూ కలవాలి. వేడి నీటిలో ఇది మరీ కఠినం. నీరు వేడెక్కేకొద్దీ లార్వా త్వరగా పెరుగుతుంది, సొనా త్వరగా అయిపోతుంది. ఎదురుచూడటానికి ఉన్న గడువు రోజుల నుంచి గంటల్లోకి వస్తుంది.

ఇప్పుడు ఆ 260 మీటర్ల సంగతి. అడ్డంగా ఈదితే అది దేనికీ చాలదు. నిలువుగా ఈదితే మాత్రం చాలా ఎక్కువ. పదో మీటరు నుంచి యాభయ్యో మీటరుకు దిగడానికి, తిరిగి ఎక్కడానికి కాస్త పెరిగిన లార్వాకు రోజు సరిపోతుంది. అప్‌వెల్లింగ్ జరిగేచోట పైనీరు తీరం నుంచి బయటికి పోతుంటే కిందినీరు తీరం వైపు వస్తుంటుంది. అంటే లార్వా ఎటు పోవాలో ఎంచుకోలేదు గానీ ఏ బస్సు ఎక్కాలో ఎంచుకోగలదు. కొన్నాళ్లు పైన, కొన్నాళ్లు కింద గడిపితే, ప్రవాహాలు ఎంత బలంగా ఉన్నా మొత్తం మీద పెద్దగా కదలకుండా ఉండిపోవచ్చు. చాలా జాతుల లార్వాలు రాత్రికి ఒక లోతున, పగటికి ఒక లోతున ఉండటం గమనించారు. ధూళి రేణువు చేయలేని పని ఇది.

కిందికి దిగడానికీ హద్దు లేకపోలేదు. అరేబియా సముద్రంలోనూ, బంగాళాఖాతంలోనూ సుమారు వంద మీటర్లు దాటితే ఆక్సిజన్ చాలా పడిపోతుంది. అరేబియాలో అది ప్రపంచంలోనే తీవ్రమైన స్థాయి. పడమటి తీరంలో వానాకాలం చివర ఆ ఊపిరాడని నీరు అప్‌వెల్లింగ్‌తో పాటు తీరపు లోతుల్లోకి ఎక్కి వస్తుంది. అప్పుడు లార్వాలు పైన కొద్ది మీటర్ల పొరలో ఇరుక్కుంటాయి. పైపొరలో ఎక్కువ దొరికాయి కదా అని సంబరపడితే పొరపాటు. దిగడానికి చోటు లేక పైన చేరినవి అవి.

నదీ ముఖాల దగ్గర ఈ నిలువు ఈత ఇంకా బాగా కనపడుతుంది. రొయ్య తల్లి సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు మడ అడవుల కాలువల్లోకి చేరాలి. అవి పోటు నీటితో పైకి తేలి లోపలికి వస్తాయి, నీరు తీసేటప్పుడు అడుగుకు చేరి ఆగిపోతాయి. మళ్లీ పోటుకు మళ్లీ కొంచెం. హేచరీలు విస్తరించకముందు గోదావరి పాయల్లో టైగర్ రొయ్య పిల్లలను పట్టి చెరువులకు అమ్మినవాళ్లు పున్నమి, అమావాస్య పోట్ల కోసం కాచుకుని కూర్చునేవారు. వాళ్ల చేతిలో కంప్యూటర్ మోడల్ లేదు, పంచాంగం ఉంది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి, దాని ముందు అడ్డుకట్టలా నిలిచిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కలిసి అలల దెబ్బ తగలని నీటిని ఇస్తాయి. బాకున్ చెప్పిన మూడో షరతు, నిలబడగలగడం, అక్కడ తీరుతుంది.

పులసది దీనికి పూర్తిగా తలకిందుల కథ. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని ఇలస అంటారు. వరద నీరు వచ్చేసరికి గోదావరి ఎదురెక్కి పులస అవుతుంది. గుడ్లు పెట్టేది మంచినీటిలో, లార్వా పెరిగేది నదిలో. అందుకని సముద్రంలో ఎన్ని వలలు లాగినా పులస లార్వా లేదనే లెక్క వస్తుంది. లార్వాల పటంలో ఖాళీగా ఉన్నంత మాత్రాన చేప లేదని కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఎదురెక్కే దారి అక్కడికి ఆగింది. పులస లార్వాల పటాన్ని సముద్రం కన్నా ఆ రాతి కట్టే ఎక్కువగా మార్చింది.

ప్రగతినగర్ నుంచి చూస్తే

తీరానికి 300 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాద్‌లో ఈ నీటినంతా రోజూ చూసే సంస్థ ఉంది. ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, 1999లో మొదలైంది. సునామీ హెచ్చరికల వల్ల దాని పేరు జనానికి తెలుసు గానీ, జాలరులకు ముందునుంచీ తెలిసింది చేపల జాడ చెప్పే సమాచారం వల్ల. ఉపగ్రహం నుంచి సముద్రపు పైనీటి వేడి, నీటి పచ్చదనం తీసుకుని, ఆ రెండింటిలో తేడా గట్టిగా ఉన్న అంచులను గుర్తిస్తారు. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరాన, ఇంత లోతులో అని తెలుగుతో సహా తీర భాషల్లో చెబుతారు. వేట నిషేధం రోజుల్లో ఈ సమాచారం ఆపేస్తారు.

దీన్ని చూసి లార్వాల జాడ కూడా ఇలాగే చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే తేడా ఉంది. పెద్ద చేప ఈదగలదు. పచ్చటి అంచు ఏర్పడితే మేత వెతుక్కుంటూ దాని దగ్గరికి వస్తుంది. కాబట్టి ఈ రోజు నీటిని చూసి ఈ రోజు చేప ఎక్కడుందో ఊహించవచ్చు. లార్వాకు అలా రావడం చేతకాదు. అది ఈ రోజు ఎక్కడుందో తెలియాలంటే రెండు మూడు వారాలుగా నీరు ఎలా కదిలిందో తెలియాలి, ఆ వారాల్లో ఏ రోజు ఆకలితో గడిచిందో కూడా తెలియాలి. ఒకటి ఫొటో, ఇంకొకటి సినిమా. పైగా ఉపగ్రహం పైపొర రంగునే చూస్తుంది. లాస్కర్ చూపిన మేత పొర కొంత కింద ఉంటుంది. నైరుతి నెలల్లో మబ్బులు కమ్మి, నీటి రంగు చూసే ఉపగ్రహానికి కళ్లు కట్టేస్తాయి. అప్‌వెల్లింగ్ జోరుగా ఉండేదీ, పడమటి తీరంలో నూనె కవలు గుడ్లు పెట్టేదీ ఆ నెలల్లోనే.

అందుకే ప్రవాహాల మోడల్ మీద ఆధారపడాలి. కంప్యూటర్‌లో సముద్రాన్ని గడులుగా కోసి, గాలి, వేడి, నదుల నీరు ఇచ్చి, ప్రతి గడిలో ప్రవాహాన్ని లెక్కిస్తారు. గుడ్లు పెట్టే చోట వేల చుక్కలు వదిలి అవి ఎటు పోతాయో చూస్తారు. చుక్కలకు వయసు, ఆకలి, రాత్రికి పైకి రావడం అనే నియమాలు చేరిస్తే ఆ చుక్క లార్వాకు కాస్త దగ్గరవుతుంది. కానీ ఈ లెక్క సరైనదో కాదో తేల్చేది చివరికి వలే. ఓడ వెనక సన్నటి గుడ్డ వల లాగి, వలలోంచి ఎంత నీరు పోయిందో మీటరుతో కొలిచి, సీసాలోకి ఎత్తి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్క లార్వాను పోల్చాలి. 1959 నుంచి 1965 దాకా సాగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో అనేక దేశాల ఓడలు ఒకే రకం వలను 200 మీటర్ల లోతు నుంచి నిలువుగా పైకి లాగి నమూనాలు తెచ్చాయి. అవన్నీ కొచ్చిలో చేరాయి. హిందూ మహాసముద్రపు లార్వాల గురించి మనకున్న విశాలమైన చిత్రం అక్కడినుంచే వచ్చింది. అయితే 200 మీటర్లు ఒకే ఊపులో లాగిన వల, లార్వా ఏ లోతులో ఉందో చెప్పదు. లోతే అసలు సంగతి అని ఇంత దూరం చెప్పుకున్నాక, ఆ లోటు చిన్నదేమీ కాదు. 2015లో మొదలైన రెండో యాత్రకు సమన్వయ కార్యాలయాల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లోనే ఉంది.

ఇదంతా పరిశోధకుల ముచ్చట అనుకునేవాళ్లు కేరళ నూనె కవల లెక్క చూడాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కల్లో 2012లో అక్కడ పట్టుబడి దాదాపు 4 లక్షల టన్నులు. 2021లో 3,297 టన్నులు. తర్వాత మళ్లీ లక్ష టన్నులు దాటింది. తొమ్మిదేళ్లలో నూట ఇరవయ్యో వంతుకు పడిపోయి మళ్లీ లేచిందంటే దాన్ని ఒక్క వలల మీదికే తోసేయలేం, అలాగని వలలకు క్షమాపణ పత్రం రాసివ్వనూ లేం. 2015 ఎల్ నినోతో నీరు వేడెక్కడం, వానల తీరు, అప్‌వెల్లింగ్ బలం, పిల్ల కవలను ఊడ్చేయడం అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. నీరు కలిసిరాని ఏడాది లార్వాలు పోతాయి. ఆ ఏడాది మిగిలిన కాసిని పిల్లలను కూడా పట్టేస్తే, మరుసటి ఏడాది నీరు కలిసొచ్చినా గుడ్లు పెట్టే తల్లులు ఉండవు. కేరళ కవలకు 10 సెంటీమీటర్ల కనీస సైజు పెట్టింది ఈ రెండో దెబ్బను ఆపడానికే. మొదటి దెబ్బను ఆపే చట్టం ఏ రాష్ట్రమూ చేయలేదు.

61 రోజుల నిషేధాన్ని కూడా ఈ లెక్కలోనే చూడాలి. ఉష్ణమండలపు చేపలు చాలావరకు ఏడాదిలో నెలల తరబడి గుడ్లు పెడతాయి, జాతికో కాలం. ఏప్రిల్ 15 అనే తేదీకి సముద్రంలో గుర్తు లేదు. తల్లుల గుంపులను కొంతకాలం వదిలేయడానికి అది పనికొస్తుంది, పాటించడం, పాటింపజేయడం తేలిక కూడా. దాన్ని లార్వాల రక్షణ అని పిలవడమే కాస్త అతి. ఆ 61 రోజుల్లో పుట్టినవాటిలో ఎన్ని బతుకుతాయో ఆ ఏడాది గాలి ఎప్పుడు తిరిగింది, గోదావరి ఎప్పుడు పొంగింది, సుడి ఎక్కడ కరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే విశాఖ, కాకినాడ రేవుల్లో మరబోట్ల ఇంజన్లు మోగుతాయి. ఐసు దిమ్మలు ఎక్కుతాయి, ప్రగతినగర్ నుంచి చేపల జాడ సమాచారం మళ్లీ మొదలవుతుంది. ఏప్రిల్‌లో పుట్టి బతికినవి అప్పటికి వల కంట్లో ఇరుక్కునే సైజుకు వచ్చి ఉంటాయి. జూన్ 12న పొదిగినవి ఇంకా 3 మిల్లీమీటర్లే. వాటికి ఏ బోటు వలా అడ్డు కాదు, కళ్లలోంచి నీళ్లలాగే జారిపోతాయి. సొన సంచిలో ఇంకో రోజుకు సరిపడా ఉంటుంది, నోరు అప్పుడప్పుడే తెరుచుకుంటుంటుంది, పైన గాలి లేస్తుంటుంది.